డీజేల పెన్‌డ్రైవ్ ఎంపిక: వేగం కంటే విశ్వసనీయతే ముఖ్యం

ఒకప్పుడు డీజేలు రికార్డుల పెట్టెలను, తరువాత సీడీల సంచులను వేదికలకు మోసుకెళ్లేవారు. 2009లో వెలువడిన పయనీర్ సీడీజే-2000 వంటి ప్లేయర్ల రాకతో ఆ సంగీత భాండాగారమంతా గుప్పిట్లో ఇమిడే పెన్‌డ్రైవ్‌లోకి చేరింది. కార్యక్రమం మధ్యలో అది మొరాయిస్తే వేదిక మూగబోతుంది. అందువల్ల దాని ఎంపికలో కొన్ని అంశాలను ముందే పరిశీలించుకోవాలి.

ఎంత సామర్థ్యం?

సెకనుకు 320 కిలోబిట్ల నాణ్యత గల ఐదు నిమిషాల ఎంపీ3 పాట దాదాపు 12 ఎంబీ ఉంటుంది. ఆ లెక్కన 64 జీబీ డ్రైవ్‌లో సుమారు 5 వేల పాటలు పడతాయి. సీడీ నాణ్యత గల వేవ్ ఫైళ్లయితే ఒక్కొక్కటి 50 ఎంబీకి పైగా ఉంటుంది కనుక 1,200 వరకే ఇముడుతాయి. అత్యధికులకు 64 లేదా 128 జీబీ సరిపోతుంది.

ఫార్మాట్ కీలకం

పాత, కొత్త ప్లేయర్లన్నింటా సాధారణంగా పనిచేసేది ఫ్యాట్32. విండోస్‌లో వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను ఈ ప్లేయర్లు చదవలేవు. ఎక్స్‌ఫ్యాట్‌ను కొన్ని కొత్త నమూనాలే గుర్తిస్తాయి. 64 జీబీ, అంతకు మించిన డ్రైవ్‌లు ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్‌లోనే అమ్మకానికి వస్తాయి కాబట్టి, పాటలు ఎక్కించకముందే ఫార్మాట్ మార్చుకోవాలి. మ్యాక్ కంప్యూటర్‌లో ఫార్మాట్ చేసేవారు 'మాస్టర్ బూట్ రికార్డ్' పద్ధతిని ఎంచుకోవాలి. ఫార్మాట్ చేస్తే డ్రైవ్‌లోని సమాచారమంతా చెరిగిపోతుందన్నది మరువరాదు.

వేగం ఎంతవరకు?

సీడీ నాణ్యత గల పాట వినిపించడానికి సెకనుకు 180 కేబీ కూడా అవసరం లేదు. ప్యాకెట్‌పై ముద్రించే భారీ వేగాలు వేదికపై పెద్దగా అక్కరకు రావు. పాత ప్లేయర్లలో ఉండేది యూఎస్‌బీ 2.0 మాత్రమే. అయితే ఇంట్లో వేలాది పాటలను ఎక్కించేటప్పుడు రాత వేగం ఎక్కువగా ఉంటే గంటల సమయం ఆదా అవుతుంది.

నకిలీలతో జాగ్రత్త

అసలు సామర్థ్యం కంటే ఎక్కువ చూపించే నకిలీ డ్రైవ్‌లు మార్కెట్లో ఉన్నాయి. నిండేవరకు బాగానే ఉన్నట్టు కనిపించి, ఆపై ఫైళ్లను పాడుచేస్తాయి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్, లైనక్స్‌లలో ఎఫ్3 అనే ఉచిత సాధనాలతో వీటిని గుర్తించవచ్చు. బిగువైన కనెక్టర్, పక్క పోర్టుకు అడ్డురాని సన్నని ఆకృతి గల డ్రైవ్ మేలు.

రెండోది తప్పనిసరి

పాటలను నేరుగా కాపీ చేస్తే సరిపోదు. పయనీర్ ప్లేయర్లపై బీట్ గ్రిడ్లు, క్యూ గుర్తులు, ప్లేలిస్టులు కనిపించాలంటే రికార్డ్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ ద్వారా ఎక్స్‌పోర్ట్ చేయాలి. పాట నడుస్తుండగా డ్రైవ్ సంబంధం తెగితే కొన్ని ప్లేయర్లు చిన్న భాగాన్ని పదేపదే వినిపిస్తూ నిశ్శబ్దాన్ని నివారిస్తాయి. అది తాత్కాలిక ఊరట మాత్రమే. అవే పాటలతో ఎక్స్‌పోర్ట్ చేసిన రెండో డ్రైవ్‌ను సిద్ధంగా ఉంచుకోవడమే అసలైన రక్షణ. డ్రైవ్‌ను తీసేటప్పుడు ప్లేయర్‌పై ఉన్న 'యూఎస్‌బీ స్టాప్' మీటను నొక్కి, దీపం ఆరిన తరువాతే బయటకు లాగాలి.