వెయ్యని రోడ్డు కథ

న్యూజెర్సీకి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న: "ట్రెంటన్ చుట్టూ 295 అలా వంకీ తిరిగిందేమిటండీ?" జవాబు, అసలు వెయ్యని ఒక రోడ్డులో ఉంది.

ఫ్లోరిడా నుంచి మెయిన్ రాష్ట్రం దాకా సాగే ఇంటర్‌స్టేట్ 95 ఒకప్పుడు ఫిలడెల్ఫియా దాటి, స్కడర్ ఫాల్స్ వంతెన మీదుగా డెలావేర్ నది దాటి మావైపు వచ్చేది. హోప్‌వెల్ నుంచి దాన్ని సోమర్‌సెట్ ఫ్రీవే పేరుతో, ఇప్పుడు మన తెలుగువాళ్ళు బోలెడుమంది ఉంటున్న పిస్కాటవే వైపు పొడిగించాలనుకున్నారు. ఊళ్ళవాళ్ళు ఎదురుతిరిగారు. 1982లో ఆ రోడ్డు రద్దయింది.

దాంతో 95 లారెన్స్ టౌన్‌షిప్‌లో రూట్ 1 దగ్గరే ఆగిపోయింది. అక్కణ్ణుంచి అదే రోడ్డు పేరు 295. ఉత్తరానికి పోతున్నవాడు రోడ్డు మారకుండానే 'సౌత్' బోర్డు కింద తేలేవాడు!

చివరికి పెన్సిల్వేనియాలోని బ్రిస్టల్ దగ్గర 95ని టర్న్‌పైక్‌తో కలిపారు. ఆ దారి తెరిచింది 2018 సెప్టెంబర్ 22న, అంటే రద్దయిన 36 ఏళ్ళకి. అక్కణ్ణుంచి న్యూజెర్సీ దాకా ఉన్న టర్న్‌పైక్ ముక్క 95 అయింది. మా పాత 95 కాస్తా 295 అయింది. 1 నుంచి 8 దాకా ఉన్న ఎగ్జిట్ నంబర్లు కూడా 60ల్లోకీ 70ల్లోకీ మారాయి.

హోప్‌వెల్‌లో ఇంకా పొలాలున్నాయి. ఆ రోడ్డెక్కాల్సిన కార్లు రూట్ 1 మీదా 206 మీదా బారులు తీరుతున్నాయి. రెండిట్లో నా ఓటు పొలాలకే, ఆఫీసుకి ఆలస్యమైన రోజున తప్ప.