గానుగ చెక్క, మిల్లు తవుడు: బాన్సువాడ పశువుల దాణా

బాన్సువాడ ప్రాంతంలో పశువుల దాణా చాలాకాలం గానుగ మీదా, వడ్ల మిల్లు మీదా ఆధారపడింది. నూనె తీయగా మిగిలిన చెక్క, బియ్యం పట్టగా వచ్చిన తవుడు పాడినీ సేద్యాన్నీ నిలబెట్టాయి.

మంజీర నీరు కాలువలకెక్కక ముందు ఇక్కడ చెరువుల కింద వరి ఉన్నా, మెట్ట పైర్లదే పెద్ద పాలు. పశువుకు జొన్న చొప్ప మేత. నువ్వులు, కుసుమలు గాండ్లవారి గానుగకు చేరేవి. ఎద్దు తిప్పే గానుగ గింజలోని నూనెనంతా పిండలేదు. చెక్కలో దాదాపు పదో వంతు మిగిలిపోయేది. ఇంటికి తగ్గిన ఆ నూనె పశువుకు బలమయ్యేది. నానబెట్టిన చెక్కను చేత్తో మెదిపి, బియ్యం కడుగునీళ్లు, గంజి, తవుడు కలిపి కుడితి గోలెంలో పోసేవారు. బర్రె ముందు పైనీళ్లు తాగి, తర్వాత మూతి ముంచి అడుగున పేరిన ముద్దను నాకేది. ఆముదపు పిండిని మాత్రం పశువుకు పెట్టేవారు కాదు. అందులో రిసిన్ అనే విషం ఉంటుంది కనుక అది పొలానికి ఎరువుగా వెళ్లేది.

మంజీరపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ లెక్కను మార్చేసింది. అలీ నవాజ్ జంగ్ రూపొందించిన ఆ ప్రాజెక్టు ఆయకట్టు లక్ష్యం 2.75 లక్షల ఎకరాలు. వరి విస్తరించింది, కోస్తా జిల్లాల రైతులు వచ్చి స్థిరపడ్డారు, చొప్ప బదులు వరిగడ్డి మేతైంది. గడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతానికి మించవు. దానితో కడుపు నిండుతుందే గానీ పాలు పెరగవు. అందువల్ల చెక్కకూ తవుడుకూ గిరాకీ పెరిగింది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చాక చెరకు కొసలు కూడా మేతలో చేరాయి.

వడ్లు ఇంట్లో దంచుకున్న రోజుల్లో తవుడు ఇంట్లోనే ఉండేది. హల్లర్ మిల్లులో వడ్లు పట్టించుకున్న రైతు, ఊక కలిసిన తవుడునైనా సంచిలో వెనక్కి తెచ్చుకునేవాడు. వడ్లనే అమ్మేయడం అలవాటయ్యాక తవుడు మిల్లువారి సొత్తైంది. తన పంటలోని తవుడునే రైతు కొనుక్కోవలసి వచ్చింది. ఈ చరిత్రలో పెద్ద మలుపు ఇదే. కొత్త మిల్లుల్లో క్వింటాల్ వడ్లకు సుమారు 8 కిలోల శుభ్రమైన తవుడు వస్తుంది. అందులో 15 నుంచి 20 శాతం నూనె ఉంటుంది. కొద్ది రోజుల్లోనే కనరెక్కుతుంది గనుక దాన్ని వెంటనే నూనె ఫ్యాక్టరీలకు పంపుతారు. హెక్సేన్ అనే ద్రావణితో నూనె తీశాక మిగిలే తవుడులో నూనె 1 శాతం మేరకే ఉంటుంది. మాంసకృత్తులు మాత్రం నిలుస్తాయి. బస్తాల్లో అమ్మే నేటి దాణాలో ఈ తవుడు, పత్తి చెక్క, మొలాసిస్, ఖనిజ లవణాలు కలుస్తాయి.

చెక్క నిల్వలో తేమ ప్రమాదకరం. 1960లో ఇంగ్లండ్‌లో బూజు పట్టిన వేరుశనగ చెక్క తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. కారణం వెతికితే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం బయటపడింది. ఆ విషం పాలలోకీ దిగుతుంది కాబట్టి, బూజు వాసన వచ్చే చెక్కను పాడి పశువుకు పెట్టకూడదు.