ఆత్మరక్షణ హక్కు (ఇంటి రక్షణ)

ప్రాణం, శరీరం, ఆస్తి కాపాడుకోవడానికి బలం వాడే హక్కు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో ఇది 96 నుంచి 106 వరకు సెక్షన్లలో ఉండేది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 34–44 సెక్షన్లు దాని స్థానంలోకి వచ్చాయి. మాటలు కొద్దిగా మారాయి, సారం అదే.

నాచారం సందులో ఒక ఇల్లు అనుకుందాం. అర్ధరాత్రి గడియ విరగ్గొట్టి దొంగ లోపలికొస్తే, 41వ సెక్షన్ ప్రకారం ఆ ఇంటివాళ్ల ప్రతిఘటన అవసరమైతే అతని ప్రాణం తీసేదాకా వెళ్లవచ్చు. పట్టపగలు మామూలు దొంగతనమైతే అంత దూరం కుదరదు. చావు లేదా తీవ్ర గాయం తప్పదన్న సహేతుకమైన భయం ఉండాలి. దోపిడీకి, నివాసానికి నిప్పు పెట్టడానికి మాత్రం వేళతో పనిలేదు.

సొత్తు పారేసి ఉప్పల్ రోడ్డు వైపు పరిగెత్తేవాణ్ని వెంటాడి తల పగలగొడితే అది రక్షణ కాదు, కసి. కావలసినదానికంటే ఎక్కువ హాని చేయకూడదు. పోలీసులను పిలిచే వ్యవధి ఉంటే హక్కే ఉండదు (సెక్షన్ 37). అయితే భయంలో ఉన్న మనిషి దెబ్బను త్రాసులో తూచినట్టు తూచలేమని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. ఆత్మరక్షణను నిరూపించే భారం నిందితుడిదే, కానీ సంభావ్యత మొగ్గు చూపితే చాలు.

2024 మార్చిలో బేగంపేటలో నాటు తుపాకీతో ఇంట్లోకి చొరబడ్డ దుండగులను తల్లీకూతుళ్లు ఎదిరించి తరిమారు. పోలీసులు వాళ్లను సత్కరించారు.