వదులు చేశావురా?

మొన్న సంక్రాంతికి విజయవాడలో పుట్టింటికి వెళ్ళినప్పుడు తమ్ముడు నాన్నగారి షెడ్డు తలుపులు తెరిచాడు. ఆటోనగర్‌లో ఉన్న ఆ చిన్న షెడ్డు 14 నెలలుగా మూసే ఉంది. నాన్నగారు పోయాక దాని తాళం తియ్యడానికి ఎవరికీ మనసొప్పలేదు. తమ్ముడు హైదరాబాదులో ఉద్యోగం మానుకుని వచ్చి, "ఇక్కడే పని మొదలుపెడతానక్కా" అన్నాడు. సరే, ఊడ్చి సర్దిపెడదామని అమ్మా నేనూ కూడా బయల్దేరాం.

బల్ల కింద ఎర్రరంగు పెట్టె ఒకటి కనబడింది. అందులో మూరెడు పొడవున్న పానా. తమ్ముడు దాన్ని వెలుతురులోకి తెచ్చి, పిడి దగ్గరి గీతలు చూసి, "అయ్యో, 90 మీదే ఉండిపోయింది" అన్నాడు.

నాకు గుండె ఝల్లుమంది. ఆ సాయంకాలం నాన్నగారు ఏదో కారుకు చక్రం బిగిస్తూనే ఛాతీ పట్టుకుని కూలబడ్డారు. పనిచేసే కుర్రాడు కంగారులో చేతిలోది పెట్టెలో పడేసి ఆటో కోసం పరుగెత్తాడు. అంటే ఆ 90 నాన్నగారు చేత్తో పెట్టిన ఆఖరి అంకె అన్నమాట.

తమ్ముడు పిడి తిప్పబోయాడు. "వద్దురా! అలాగే ఉండనీ" అన్నాను. వాడు ఆగి, నా మొహంలోకి చూశాడు.

ఏమిటీ, నవలలు రాసుకునే ఆవిడకి పానాల గొడవెందుకు అంటారా? చెబుతాను. చిన్నప్పుడు నాన్నగారి కోసం షెడ్డులో కథల పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. రాత్రి తాళం వేసే ముందు ఆయన కుర్రాణ్ణి తప్పకుండా అడిగే మాట ఒకటుండేది: "వదులు చేశావురా?" వందలసార్లు విన్నాను. అర్థమేమిటని ఒక్కసారీ అడగలేదు. బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని కదా, ఈసారి ఇంటికొచ్చాక పుస్తకాలు తిరగేశాను.

కారుతున్న కుళాయిని ఇంకాస్త, ఇంకాస్త అంటూ బిగించి మర పాడుచేసిన అనుభవం మనలో ఎంతమందికి లేదు చెప్పండి? అమెరికాలో న్యూయార్కు నగరపు నీటి సరఫరా శాఖకీ ఇదే తలనొప్పి. భూమిలో గొట్టాలు అతికే బోల్టుల్ని పనివాళ్ళు బలం కొద్దీ బిగించేవారు. అతిగా బిగిస్తే బోల్టు తెగుతుంది, చాలకపోతే నీళ్ళు కారతాయి. ఆ శాఖలో పనిచేసే కాన్రాడ్ బార్ అనే ఆయన 1918లో, ఎంత బలంతో బిగిస్తున్నామో తెలియజేసే పానాను తయారుచేశాడని చెబుతారు. అదే టార్క్ రెంచి. టార్క్ అంటే మెలితిప్పే బలం. లాటిన్‌లో మెలితిప్పడమనే అర్థమున్న మాట నుంచి పుట్టిన ఈ పేరు 1884లోగానీ అచ్చులో కనబడలేదు.

తర్వాత మోటారు కార్ల వంతు వచ్చింది. కార్ల కంపెనీ పెట్టిన వాల్టర్ క్రిస్లర్ కూడా ఇలాంటి పానా మీద దృష్టి పెట్టాడు. పాల్ స్టర్టివాంట్ అనే ఆయన ముల్లు ఉన్న రకానికి 1938లో పేటెంటు పుచ్చుకుని అమ్మకానికి పెట్టాడు. ఇక బార్ గారు ఇంకొకాయనతో కలిసి 1930లలో చేసింది, అనుకున్న బలం రాగానే చప్పుడు చేసి చెప్పే రకం. నాన్నగారిది ఈ జాతిదే. 90 అంటే 90 న్యూటన్ మీటర్లు. మీటరు పొడవు కర్ర చివర సుమారు 9 కిలోల బియ్యం సంచి వేలాడదీస్తే ఎంత తిప్పుతుందో, అంత. అంతవరకూ బిగియగానే చేతికి "టిక్" మని తెలుస్తుంది. ఆ చప్పుడు విన్నాక ఇంకా తోశామంటే పానాకేం సంబంధం లేదు, తప్పు మనదే.

ఆ టిక్కుమనే తెలివంతా లోపలి స్ప్రింగుది. పిడి తిప్పినకొద్దీ అది నొక్కుకుపోతుంది. ఈ స్ప్రింగు కథ మరీ పాతది. రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1676లో తన సూత్రాన్ని అక్షరాలన్నీ విడగొట్టి, అకారాది క్రమంలో పేర్చి అచ్చువేయించాడు. సంగతి ఎవరికీ తెలియకూడదు, కనిపెట్టిన ఘనత మాత్రం తనకే దక్కాలి! 1678లో తనే ముడి విప్పాడు. స్ప్రింగును ఎంత సాగదీస్తే అంత బలంతో వెనక్కి లాగుతుందని దాని సారాంశం. అయితే ఆ సూత్రంలో కాలం ప్రసక్తి లేదు. నెలల తరబడి నొక్కి ఉంచిన స్ప్రింగు కొంత పట్టు కోల్పోతుంది. అప్పుడు 90కి పెట్టినా, అంత బలం రాకముందే టిక్కుమంటుంది. బిగిసిందనుకుని బండి వదిలేస్తాం. నట్టు వదులుగానే ఉంటుంది. ఆ చక్రం మీద పిల్లాపాపలతో ఎవరో ప్రయాణం చేస్తారు.

ఈ జ్ఞానం మనుషులకి కొత్తదేం కాదు. క్రీస్తు పూర్వం ఆరో శతాబ్దంలో ఈజిప్టు నేలిన అమాసిస్ గురించి గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఒక ముచ్చట చెప్పాడు. ఈ రాజు పొద్దున్నే శ్రద్ధగా రాచకార్యాలు చూసుకుని, ఆ తర్వాత స్నేహితులతో తాగుతూ, నవ్వుతూ, తుళ్ళుతూ గడిపేవాడట. హుందాగా ఉండరాదా అని ఆప్తులు మందలించారు. పని ఉన్నప్పుడే విల్లు ఎక్కుపెడతాం, పని అయ్యాక నారి దింపుతాం, ఎప్పుడూ ఎక్కుపెట్టే ఉంచితే విరిగి, అవసరానికి అక్కరకు రాదు అన్నాడట రాజుగారు. అంత దూరం ఎందుకు? వయొలిన్ నేర్చుకునే అమ్మాయి నడగండి. వాయించడం అయ్యాక కమాను వెంట్రుకలు వదులు చేసిగాని పెట్టెలో పెట్టదు.

నాన్నగారి మాటకి అర్థం ఇదే. పని అయ్యాక పిడిని అన్నిటికన్నా చిన్న అంకె దగ్గరికి తిప్పెయ్యాలి. నాన్నగారి దాంట్లో అది 40. అంతకన్నా కిందికి మాత్రం తిప్పకూడదు, లోపలి సరంజామా చోటు తప్పుతుంది. పొడిగుడ్డతో తుడిచి, చెమ్మ తగలనిచోట దాని పెట్టెలోనే ఉంచాలి. నూనెల్లో, కిరసనాయిల్లో ముంచకూడదు. కింద పడెయ్యకూడదు. బిగిసిన నట్టు విప్పడానికి వాడకూడదు, మేకులు కొట్టడానికి అసలే కాదు. పిడికి గొట్టం తొడిగి పొడుగు చెయ్యకూడదు. చాలాకాలం వాడకపోతే తక్కువ అంకె మీద నాలుగైదుసార్లు టిక్కుమనిపిస్తే లోపలి జిడ్డు సర్దుకుంటుంది. ఏడాదికోసారి, లేదా 5000 సార్లు వాడాక, సరిచూపించాలి. ముల్లు రకానికి వదులు చేసే పని లేదు, ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసుకుంటే చాలు. ఈ కాలపు ఎలక్ట్రానిక్ రకాన్ని దాచేటప్పుడు బ్యాటరీలు తీసేస్తే సరి.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు షెడ్డులో నాకు తెలిసింది ఒక్కటే. ఆ 90 చెదిరిపోతే నాన్నగారి చెయ్యి చెదిరిపోయినట్టే.

"గాజు పెట్టెలో పెట్టుకుందాంరా. నువ్వు కొత్తది కొనుక్కో" అన్నాను.

తమ్ముడు మాట్లాడలేదు. గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడ్డ అమ్మే అంది. "పని చేసేదాన్ని బొమ్మలా కూర్చోబెడతావుటే? రాత్రి అన్నం ముందు కూర్చుని కూడా, వాడు వదులు చేశాడో లేదోనని ఒక్కోరోజు మళ్ళీ షెడ్డుకి వెళ్ళొచ్చిన మనిషి మీ నాన్న. పద్నాలుగు నెలలు! చూస్తే ఊరుకునేవారా?"

"పోనీ ఆ కారు చక్రమైనా ఉంది కదా, ఆయన బిగించింది" అన్నాను, పిచ్చిదానిలా.

"ఈపాటికి ఎవరో విప్పి మళ్ళీ బిగించే ఉంటారక్కా" అన్నాడు తమ్ముడు మెల్లిగా. పిడిని నా చేతికే ఇచ్చాడు. ఎనభై, డెబ్బై, అరవై... గీతలు సరిగా కనబడలేదు నాకు. నలభై దగ్గర వాడే నా చెయ్యి పట్టి ఆపాడు.

తర్వాత సరిచూడ్డానికి పంపితే, 90కి పెట్టినప్పుడు 82 దగ్గరే టిక్కుమందని తేలింది. వందకి నాలుగు పాళ్ళ తేడా వరకే ఒప్పుకుంటారు. సరిచేసి, కాగితం రాసిచ్చి పంపారు. ఇప్పుడు దానితోనే తమ్ముడు పని చేస్తున్నాడు.

రాత్రి వాడు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, అమ్మ వంటింట్లోంచే అడుగుతుందిట, "వదులు చేశావురా?" అని.