గేటు మూశాక తెరిచిన బడి

నూలు వడికే రింగ్ ఫ్రేమ్ దగ్గర పనిచేసే మనిషి తెగిన పోగును అతికించడానికి పట్టేది రెండు మూడు క్షణాలే. తిరుగుతున్న కదురును ఆపుతాడు, బాబిన్ మీద పోగు కొస వెతికి పట్టుకుంటాడు, ట్రావెలర్ అనే గోరంత ఉక్కు కొక్కెం కిందుగా దాన్ని పోనిస్తాడు, పైకి లాగి ముందు రోలర్ల నుంచి దిగుతున్న దూది పాయకు ఆనించి కదురును వదిలేస్తాడు. పురి దానంతటదే ఎక్కుతుంది. ఈలోగా నాలుగు కదుళ్ల అవతల ఇంకొకటి తెగి ఉంటుంది. షిఫ్టంతా ఆ వరసల మధ్య నడుస్తూనే ఉండాలి. చూపు పోగు మీద, చెవి మిషను మీద. ఈ విద్యకు కాగితం లేదు. మిల్లు రికార్డులో అతని పేరు, నంబరు, ఏ ఖాతాలో పనో, అంతవరకే ఉంటుంది. అదే మిల్లులో బాయిలర్ చూసే మనిషికి మాత్రం సర్కారు పరీక్ష ఉంది, చేతిలో సర్టిఫికెట్ ఉంది. మిల్లు మూతపడిన మర్నాడు ఈ ఇద్దరి మధ్య తేడా తెలిసొస్తుంది.

వరంగల్‌లో ఆజంజాహి మిల్లు 1934లో మొదలైంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దానికి పెద్ద కొడుకు ఆజం జా పేరు పెట్టారు. నాందేడ్‌లోని ఉస్మాన్‌షాహి మిల్లుతో దీనికి తోబుట్టువు వరస. చుట్టూ పత్తి పండే నేల, ఊళ్లోనే రైలు జంక్షను, కొత్తవాడలో తివాచీలు, జంపఖానాలు నేసే మగ్గాలు. ఇన్ని ఉన్నచోట మిల్లు పెట్టడం వింతేమీ కాదు. వింతల్లా అది ఊరి గడియారమైపోవడం. సైరన్ వింటే ఏ షిఫ్టు ఎక్కిందో, ఏ షిఫ్టు దిగిందో తెలిసేది. వ్యవసాయం, మగ్గం, కూలి తప్ప ఇంకో బతుకు ఎరగని ఇళ్లలోకి నెలజీతం, పీఎఫ్, బోనస్ అనే మాటలు ఆ గేటు గుండానే వచ్చాయి. సంఘమూ అలాగే వచ్చింది. జీతం కోసం, పనిగంటల కోసం నలుగురు కలిసి గేటు ముందు నిలబడవచ్చని వరంగల్ నేర్చుకున్నది అక్కడే. పర్మనెంటు అయినవాడికి అప్పు పుట్టేది, పెళ్లి సంబంధం కుదిరేది. బదిలీ కార్మికుడు మాత్రం రోజూ గేటు దగ్గరికొచ్చి ఎవరైనా నాగా పెడితే ఆ చోటు దొరుకుతుందేమోనని చూసేవాడు. మిల్లు స్వర్గమని నేనడం లేదు. దూది దుమ్ము ఊపిరితిత్తులను తినేసేది, చెవులు ముందే పోయేవి. అయినా రేపు పనుంటుందన్న ధీమా చిన్న వస్తువు కాదు.

పతనం ఒక్కరోజులో రాలేదు. దేశమంతటా ఖాయిలా పడిన బట్టల మిల్లులను కేంద్రం 1974లో జాతీయం చేసి నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్‌కు (ఎన్టీసీ) అప్పగించింది. ఆజంజాహి కూడా ఆ జాబితాలోకి వెళ్లింది. మిల్లు బతికిందని జనం సంతోషించారు. బతికించారు గానీ బలం ఇవ్వలేదు. పాత మిషన్లే, పాత షెడ్లే. ఎన్టీసీ మిల్లులు చౌక బట్ట నేయాలి, నష్టం మోయాలి, కొత్త యంత్రానికి మాత్రం ఢిల్లీ వైపు చూడాలి. బయట మరమగ్గాలు తక్కువ కూలితో, మిల్లు మీదుండే చట్టాల బరువు లేకుండా బట్టను లాగేసుకున్నాయి. పాలిస్టర్ వచ్చింది. ఇవన్నీ పదిహేను, ఇరవై ఏళ్ల పాటు అందరి కళ్లముందే జరిగాయి. మిల్లు ఆగిపోతుందని లెక్కలు చూసే ప్రతి అధికారికీ తెలుసు. ఆ ఇరవై ఏళ్లలో ఏ ఒక్క ఏడాదైనా రింగ్ ఫ్రేమ్ మనిషికి ఇంకో పని నేర్పించడానికి అదను దొరక్కపోయిందా? నా మనసులో నలిగే ప్రశ్న ఇదే.

నేర్పాలన్న ఆలోచన లేకపోలేదు. అది పుట్టింది కూడా ఒక వరంగల్ బిడ్డ ఏలుబడిలోనే. నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టి, హన్మకొండలో చదువుకున్న పి.వి. నరసింహారావు 1991లో ప్రధాని అయ్యారు. పరిశ్రమల తలుపులు బార్లా తెరిచారు. తెరిస్తే కొన్ని కార్ఖానాలు కూలతాయని ఆ ప్రభుత్వానికి తెలుసు. అందుకే 1992 ఫిబ్రవరిలో జాతీయ పునరుద్ధరణ నిధిని ఏర్పాటు చేశారు. పని పోయినవాళ్లకు పరిహారం, కొత్త పనిలో శిక్షణ, కొత్త ఉద్యోగాల సృష్టి దాని లక్ష్యాలు. కాగితం మీద ఇంతకంటే దయగల ఆలోచన ఉండదు. కానీ నిధిలో సింహభాగం వీఆర్ఎస్‌కే పోయింది, అంటే మనిషిని పంపించేయడానికి. శిక్షణకు మిగిలింది అడుగూ బొడుగూ. అహ్మదాబాద్‌లో లక్షకు పైగా మిల్లు కార్మికులు వీధిన పడితే, అక్కడ పెట్టిన కోర్సులు నలభై దాటినవాళ్లకు కొద్దికాలంలో ఏదో కొత్త పని చూపించి వదిలేశాయి. నేర్చుకున్న పనికి పిలిచేవాడు లేడు. వాళ్లలో చాలామంది వాచ్‌మన్లయ్యారు, తోపుడు బండి పట్టారు, ఆటో నడిపారు. 2000లో నిధినే ఎత్తేశారు.

రెండేళ్లకు, 2002లో, ఆజంజాహి ఆగింది. అప్పుడే దేశంలో అరవైకి పైగా ఎన్టీసీ మిల్లులను ఇక లాభం లేదని తేల్చి మూసే పథకం నడుస్తోంది. మిగులు భూములు అమ్మి ఆ డబ్బుతో వీఆర్ఎస్ ఇవ్వడం, మిగిలిన మిల్లులను బాగుచేయడం దాని పద్ధతి. చేతికొచ్చిన సొమ్ము ఎటు పోతుందో ఇంట్లో ఆడపిల్ల ఉన్న ఎవరికైనా చెప్పక్కర్లేదు. పెళ్లి, పాత అప్పు, ఇంటి కప్పు. మొత్తం ఒకేసారి రావడంతో అది జీతమన్న సంగతి మరిచి ఆస్తి అనుకున్నవాళ్లూ ఉంటారు. తర్వాత మిల్లు గోడలు నేలమట్టమయ్యాయి. ఆ నేలకు మాత్రం గిరాకీ తగ్గలేదు. అందులో మాకూ ఇంత జాగ ఇవ్వండని మాజీ కార్మికులు ఏళ్ల తరబడి అడిగారు.

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు పత్తి మాత్రం ఏటా వస్తూనే ఉంది. పత్తి ఇక్కడే, నేతగాడు సూరత్‌లో, భివండిలో, షోలాపూర్‌లో. ఆ వలసను వెనక్కి మళ్లిస్తామంటూ 2017 అక్టోబరులో గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేశారు. 2023లో కేంద్రం పీఎం మిత్ర పార్కుల జాబితాలోనూ దానికి చోటిచ్చింది. మంచిదే. కానీ మిల్లు మూతపడిననాడు నలభై ఏళ్లున్న మనిషి 2023 నాటికి అరవై ఒకటిలో పడ్డాడు. పార్కుకు పెద్దగా వచ్చినవి రెడీమేడ్ దుస్తుల కంపెనీలు. వాటికి కావలసింది కుట్టు మిషను ముందు కూర్చునే యువతులు. వడికే చేతికి అక్కడ కుర్చీ లేదు. చేతికి ముందే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కూడా ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనతో పాటు 2015లో గానీ పెద్ద ఎత్తున రాలేదు. ఆజంజాహి కార్మికుడికి అది పదమూడేళ్లు ఆలస్యం.

మళ్లీ శిక్షణ అన్నమాట ఎవరు ఎత్తినా నేను మొదట అడిగేది సిలబస్ కాదు, తేదీ. గేటు మూశాక తెరిచే బడికి వచ్చేవాడు చదువుకోవడానికి రాడు, భత్యం కోసం వస్తాడు. అందులో అతని తప్పేమీ లేదు. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. నేర్పడం మిల్లు నడుస్తుండగానే, జీతం అందుతుండగానే జరగాలి. మూసివేత ఆలోచన బోర్డు ముందుకు వచ్చిననాడే సంఘాన్ని కూర్చోబెట్టి, కనీసం ఏడాది పాటు సగం షిఫ్టు మిషను మీద, సగం షిఫ్టు బడిలో గడిచేలా చూడాలి. బడి తెలుగులో నడవాలి, వీలైతే ఆ షెడ్డులోనే నడవాలి. మొదటి నెల కొత్త విద్య వద్దు. ఎవరికి ఏమొచ్చో రాసి పరీక్షించి కాగితం చేతికివ్వాలి. రింగ్ ఫ్రేములు విప్పి బిగించిన ఫిట్టరు ఏ కార్ఖానా మెయింటెనెన్స్‌లోనైనా నిలబడగలడు, కాగితం ఉంటే. ఇక పిలిచే యజమాని ఖాయం కాని కోర్సు మొదలుపెట్టనే కూడదు. యాభై ఐదు దాటినవాడిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి హాజరు వేయించుకోవడం కన్నా పింఛను వయసు దాకా జీతంలో కొంత ఇచ్చేయడం మర్యాద.

ఇదంతా గడిచిన కథ అనుకోవడానికి వీల్లేదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో నైపుణ్య నిధి ఒకటుంది. కార్మికుడిని తగ్గించినప్పుడు యజమాని అతని చివరి జీతం లెక్కన పదిహేను రోజుల వేతనం ఆ నిధికి కట్టాలి, ఆ సొమ్ము నలభై ఐదు రోజుల్లో కార్మికుడి ఖాతాలో పడాలి. అదే కోడ్, సర్కారు అనుమతి లేకుండా మూసేయగల కార్ఖానా పరిమాణాన్ని వంద మంది లోపు నుంచి మూడు వందల మంది లోపుకు పెంచింది. మూయడం సులువైంది. పని నేర్చుకోవడానికి పదిహేను రోజుల జీతం, అదీ బయటికి పంపాక. ఆ డబ్బుతో ఎక్కడికెళ్లి, ఎవరి దగ్గర, ఏం నేర్చుకోవాలో కోడ్ చెప్పలేదు.