రాచకొండ గుట్టల మీద సరిగమల పాఠం

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా హైస్కూల్ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ. పెద్దోళ్ళు కూడా వినొచ్చు, ఫీజు ఏం లేదు.

టీవీలో పాటల పోటీలు చూస్తరు కదా. ఒక పిల్లగాడు పాడంగనే జడ్జీ గారు అంటరు, "శ్రుతి పోయింది నాన్నా, లయ మాత్రం బాగుంది" అని. పోయింది ఏంది, ఉన్నది ఏంది? ఎవరూ చెప్పరు. ఇంట్లో కూసున్న మనం కూడా తలూపుతం. శ్రుతి, స్వరం, స్థాయి, లయ, తాళం, వాగ్గేయకారుడు, ఇవన్నీ తంజావూరు దిక్కు మాటలు, మద్రాసు సభల మాటలు, మనకు డప్పు దరువూ కోలాటమూ చాలు అనే ఆలోచన మా దిక్కు మస్తుగ ఉంది. మాది రామన్నపేట. ఒకప్పుడు నల్లగొండ జిల్లా, 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా.

ఈ మాటలకు అర్థాలు విప్పి చెప్పిన చాలా పాత పుస్తకం ఒకటి మా ఊరికి దగ్గర్లోని కొండ మీద ఏలిన రాజు రాసిండు. రామన్నపేట నుంచి చౌటుప్పల్ మీదుగా సంస్థాన్ నారాయణపురం దిక్కు పోతే రాచకొండ వస్తది. ఇప్పుడు ఆ పేరు చెబితే పోలీస్ కమిషనరేట్ యాదికొస్తది గానీ, అసలు రాచకొండ అంటే బండరాళ్ళ గుట్టల మధ్య కట్టిన కోట. 1323లో ఓరుగల్లు పడిపోయినంక ఈ ప్రాంతాన్ని రేచర్ల పద్మనాయకులు ఏలిండ్రు. వాళ్ళల్లో అనపోతానాయకుని కొడుకు సింగభూపాలుడు. జనం పెట్టిన పేరు సర్వజ్ఞ సింగభూపాలుడు. తన పుస్తకాల్లో తనను తాను ఆంధ్రమండలాధీశ్వరుడని చెప్పుకున్నడు. నాటకాల మీద, రసాల మీద 'రసార్ణవ సుధాకరం' రాసిండు. ఆయన ఇంకో పనే ఈరోజు మన కథ: 'సంగీత రత్నాకరం' అనే పెద్ద గ్రంథానికి 'సుధాకరం' అనే వ్యాఖ్య. వ్యాఖ్య అంటే ఈ కాలం లెక్కన గైడ్ అనుకోండి, కాకపోతే కాపీ కొట్టే గైడ్ కాదు.

రత్నాకరం రాసింది శార్ఙ్గదేవుడు. వాళ్ళ తాత కశ్మీరు నుంచి దక్కనుకు వచ్చిండు. శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దంలో దేవగిరిలో, యాదవ రాజు సింఘణుని కొలువులో లెక్కలు చూసే పెద్ద అధికారి. అవును, సంగీతం మీద అంత పెద్ద పుస్తకం రాసినాయన ఉద్యోగం అకౌంట్స్. మొత్తం 7 అధ్యాయాలు: స్వరాలు, రాగాలు, పాడే పద్ధతులు, ప్రబంధాలు, తాళం, వాద్యాలు, నాట్యం. పాట, వాద్యం, ఆట, మూడూ కలిస్తేనే సంగీతం అన్నడు. అట్లాంటి పుస్తకానికి మనకు దొరికిన పూర్తి వ్యాఖ్యల్లో మొదటిది 14వ శతాబ్దపు మన రాచకొండ వ్యాఖ్యే. విజయనగరంలో కల్లినాథుడు రాసిన ఇంకో ప్రసిద్ధ వ్యాఖ్య 15వ శతాబ్దానిది, అంటే మనది అయినంకనే. మద్రాసులోని అడయార్ లైబ్రరీ 1943 నుంచి ఈ రెండు వ్యాఖ్యలనూ రత్నాకరంతో కలిపి అచ్చు వేసింది. ఈ దేశంలో సంగీతం మీద పరిశోధన చేసే ఎవరైనా ఆ పుస్తకం తెరవాల్సిందే. తెరిస్తే రాచకొండ రాజు పలకరిస్తడు.

ఇగ మాటల్లోకి పోదాం.

ముందు శ్రుతి. ఫోన్‌లో చాలామంది 'శృతి' అని టైప్ చేస్తరు. సరైనది 'శ్రుతి'. వినడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు నుంచి వచ్చింది కాబట్టి. చెవికి తేడా తెలిసేంత నాదం అని అర్థం. కింది 'స' నుంచి పై 'స' దాకా ఉన్న దూరాన్ని పాతవాళ్ళు 22 శ్రుతులుగా పంచిండ్రు. షడ్జానికి 4, రిషభానికి 3, గాంధారానికి 2, మధ్యమానికి 4, పంచమానికి 4, ధైవతానికి 3, నిషాదానికి 2. కూడి చూడండి, 22 వస్తది. శార్ఙ్గదేవుడు దీన్ని ఊరికే చెప్పి ఊరుకోలేదు. రెండు వీణలు తీసుకోమన్నడు, ఒక్కోదానికి 22 తీగలు. ఒకదాన్ని కదపొద్దు, రెండోదాన్ని ఒక్కో శ్రుతి దించుకుంటూ పో, ఎప్పుడు ఏ స్వరం దేనితో కలుస్తదో నీ చెవే చెప్తది అన్నడు. సైన్స్ ల్యాబులో కంట్రోల్ అంటరే, కదలని వీణ అదే.

కానీ ఇప్పుడు జడ్జీ గారు చెప్పే శ్రుతి వేరు. ఇక్కడే పిల్లలు గందరగోళపడతరు, వాళ్ళ తప్పేం లేదు. ఈ కాలంలో శ్రుతి అంటే పాడేవాళ్ళు తమ 'స' ఎక్కడ పెట్టుకున్నరో ఆ చోటు. హార్మోనియం మీద ఒకటో కట్ట, ఒకటిన్నర, రెండు అని చెప్పుకుంటరు. వెనక తంబూర మోగుతున్నది ఆ 'స'నే. పాడేవాళ్ళు దాని నుంచి జారితే 'శ్రుతి పోయింది'. మా దిక్కు భజనల్లో, కథలు చెప్పేకాడ దీన్నే 'సుతి' అంటరు. సంస్కృతం శ్రుతి నోట్లో నలిగి సుతి అయింది. అంటే ఈ మాట మన ఊళ్ళకు ఎన్నడో వచ్చింది, టీవీతో రాలేదు.

స్థాయి సంగతి నాకు చాలా ఇష్టం. మంద్రం రొమ్ములో, మధ్యం గొంతులో, తారం తలలో పుడతాయని రత్నాకరం చెప్తది. నిజంగనే పాడి చూడండి, కింది స్వరానికి రొమ్ము మీద చేయి పెడితే అదురు తెలుస్తది. ఆ తర్వాత ఒక చిన్న మాట ఉన్నది: ఒక్కో స్థాయి కిందిదానికి రెట్టింపు. ఫోన్‌లో ఉచితంగా దొరికే ట్యూనర్ యాప్ పెట్టి 'స' పాడండి. 240 హెర్ట్జ్ చూపించిందనుకుందాం. పై 'స' సరిగ్గా పాడితే 480 చూపిస్తది. హెర్ట్జ్ అనే కొలత లేని కాలంలో, తీగ పొడవు చూసి, చెవితో విని రెట్టింపు అని పట్టుకున్నరు. తీగను సగానికి నొక్కితే పై 'స' వస్తది కదా, లెక్క అక్కడుంది.

72 మేళకర్తల గురించి అడుగుతరేమో. అవి ఈ పుస్తకంలో ఉండవు. 17వ శతాబ్దంలో తంజావూరులో వేంకటమఖి వేసిన లెక్క అది: రి-గ జంటలు 6, ధ-ని జంటలు 6, మధ్యమాలు 2, గుణిస్తే 72. పరీక్షలో వస్తది, గుర్తుంచుకోండి, పోదాం.

లయ దగ్గర కొంచెం ఆగుదాం. లయ అంటే వేగం అని చాలామంది అనుకుంటరు. శార్ఙ్గదేవుడు ఏమంటడంటే, ఒక క్రియ అయినంక వచ్చే విశ్రాంతి లయ. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఆగడం అన్నమాట. ఆగడం తక్కువైతే ద్రుతం, దానికి రెట్టింపైతే మధ్యం, ఇంకా రెట్టింపైతే విలంబం. లయ చప్పుడులో లేదు, చప్పుడుకూ చప్పుడుకూ నడుమ ఉన్న ఖాళీలో ఉంది! మా మండలంలో సిరిపురం, వెల్లంకి నేతగాళ్ళ ఊళ్ళు. గుంట మగ్గం నడిచే ఇంటి ముందు నుంచి పోతే ఈ సంగతి పుస్తకం లేకుండనే తెలుస్తది. నాడె ఇటు నుంచి అటు పోతది, దెబ్బ పడతది, చిన్న ఖాళీ, మళ్ళ నాడె. నేసేటాయన చెయ్యి అలసితే ముందు మారేది దెబ్బ గట్టితనం కాదు, ఆ ఖాళీ. లోపల కూసున్న మనిషి అలసిండని బయట వినేటోళ్ళకు అట్లనే తెలుస్తది.

తాళం అంటే ఆ ఖాళీలను లెక్కపెట్టి కట్టిన చట్రం. ఆదితాళానికి 8 అక్షరాలు, 4, 2, 2గా. 8 అయినంక మళ్ళా మొదటికి వస్తే ఒక ఆవర్తనం. రత్నాకరంలో దేశి తాళాలే 120 ఉన్నయి. డప్పు మీద మనోళ్ళు కొట్టే 'దరువు' కూడా 'ధ్రువ' అనే పాత సంగీత పదం నుంచి వచ్చిందని పండితులు చెప్తరు. ధ్రువ అంటే కదలనిది, మళ్ళీ మళ్ళీ వచ్చేది. మళ్ళీ మళ్ళీ రావడమే కదా దరువు.

ఇప్పుడు అసలు పంచాయితీ. వాగ్గేయకారుడు. పుస్తకంలో దీని విడదీత చాలా స్పష్టం. వాక్కు అంటే మాట, దాన్ని 'మాతువు' అంటరు. గేయం అంటే పాడే వరస, దాన్ని 'ధాతువు' అంటరు. రెండూ తానే కట్టగలిగినాయన వాగ్గేయకారుడు. ఇంకొకరి వరసకు తన మాటలు పెట్టేటాయనకు ఇంకో పేరుంది: కుట్టికారుడు. పుస్తకంలో ఆయనకు గౌరవం తక్కువ. సినిమా పాటకు పేరడీ కట్టి రీల్ పెట్టేటోళ్ళు అందరూ 13వ శతాబ్దం లెక్కన కుట్టికారులే, ఏమనుకోకండి.

ఈ కొలతను ఒక మనిషి మీద పెట్టి చూద్దాం. సుద్దాల హనుమంతు. పాత రామన్నపేట తాలూకాలోని పాలడుగులో నేతగాళ్ళ ఇంట్లో పుట్టిండు. సుద్దాలలో బతికిండు, ఊరి పేరే ఇంటి పేరైంది. నిజాం మీద, దొరల మీద, రజాకార్ల మీద తెలంగాణ సాయుధ పోరాటం నడిచిన రోజుల్లో ఆయన పాటే ఒక ఆయుధం. 1982లో పోయిండు. ఆయన రాసిన 'పల్లెటూరి పిల్లగాడా' పాట 1979 నాటి 'మా భూమి' సినిమాతో రాష్ట్రమంతా తెలిసింది. ఇప్పటి సినిమా కవి సుద్దాల అశోక్ తేజ ఆయన కొడుకే.

హనుమంతు ఏం చేసిండు? జనం నోట్లో ముందే ఉన్న వరసలు తీసుకున్నడు. గొల్లసుద్దులు తీసుకున్నడు. గొల్లసుద్దుల్లో ఒకాయన కథ నడిపిస్తే పక్కోళ్ళు వంత పాడుతరు, నవ్విస్తరు, అడ్డం ప్రశ్నలు వేస్తరు. ఆ రూపంలో వెట్టి గురించి, పన్నుల గురించి చెప్పిండు. మరి రత్నాకరం ప్రకారం ఆయన వాగ్గేయకారుడా, కుట్టికారుడా? అక్షరం పట్టుకొని చదివితే చాలా పాటలకు కుట్టికారుడనే అనాలె. నేను ఒప్పుకోను. ఎందుకంటే 'ఇంకొకరి వరస' అనాలంటే ఆ వరసకు ఒక ఓనర్ ఉండాలె. నాట్లేసే ఆడోళ్ళ వరస ఎవరిది? బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొట్టుకుంటూ తిరిగే వరస ఎవరిది? ఎవరిదీ కాదు, అందరిదీ. అందులోంచి తనకు పనికొచ్చేదాన్ని ఏరుకొని, మాట విరుపును బట్టి సాగదీసి, కుదించి, వందలమంది ఒక్కసారి అందుకునేట్టు చేయడం కూడా ధాతువు కట్టడమే. ఆ కొలత కొలువులో, కవి పేరు చెప్పుకుంటూ పాడే పాటల కోసం చేసింది. పొలం పాటకు అది చాలదు.

అయితే పుస్తకానికి అన్యాయం చేయొద్దు. మార్గం, దేశి అని రెండు రకాలు చెప్పి, ఏ ప్రాంతంలో అక్కడి జనం ఇష్టానికి తగ్గట్టు మనసు రంజింపజేసేది దేశి అన్నడు శార్ఙ్గదేవుడు. ఓరుగల్లులో కాకతీయ గణపతిదేవుని గజసేనాని జాయప 1253-54లో రాసిన 'నృత్తరత్నావళి'లోనూ 8 అధ్యాయాలుంటే చివరి 4 దేశికే. అంటే ఆ కాలం పండితులు జనం ఆటపాటలను చూసిండ్రు, రాసుకున్నరు కూడా. కాకపోతే సంస్కృతంలో రాసిండ్రు. ఎవరి ఆట గురించి రాసిండ్రో వాళ్ళు చదవలేకపోయిండ్రు.

దీనికి ఒక బతికున్న సాక్ష్యం ఉంది. రత్నాకరం వాద్యాల అధ్యాయంలో కిన్నరీ వీణ వస్తది. వెదురు బొంగు, సొరకాయ బుర్రలు, మైనంతో అతికించిన మెట్లు. ఇది విని పాలమూరు దిక్కోళ్ళకు వెంటనే ఒక మనిషి యాదికొస్తడు: దర్శనం మొగులయ్య. పాత మహబూబ్‌నగర్, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా. ఆయన చేతిలోది 12 మెట్ల కిన్నెర. 2021లో వచ్చిన 'భీమ్లా నాయక్' టైటిల్ పాట మొదట్లో ఆయన గొంతు విన్నరు కదా. 2022లో పద్మశ్రీ వచ్చింది. 8వ తరగతి సాంఘిక శాస్త్రంలో ఆయన గురించి పాఠం పెట్టిండ్రు. సాంఘిక శాస్త్రంలో పెట్టినందుకు సంతోషమే. నన్నడిగితే సంగీతం క్లాసులో కూడా పెట్టాలె. 'మెట్టు' అంటే ఏందో చెప్పడానికి గిటార్ ఫ్రెట్ బొమ్మ వేసే బదులు కిన్నెర చూపిస్తే పిల్లగానికి ఒక్క నిమిషంలో అర్థమైతది: వేలు మెట్టు దగ్గర నొక్కితే మోగే తీగ పొట్టిదైతది, పొట్టిదైతే స్వరం పైకి పోతది. 22 తీగల వీణ దగ్గర చెప్పిన లెక్కకు ఇది చుట్టమే.

దక్కలి కళాకారులు ఈ కిన్నెరను తరతరాలుగా ఊరూరూ మోసుకొని తిరిగిండ్రు, పండుగ సాయన్న కథ లాంటివి పాడిండ్రు. కొలువుల్లో కిన్నరీ వీణ ఎన్నడో మాయమైంది. ఊరి బయట బతికినోళ్ళ భుజాల మీద మిగిలింది.

ఈ వారం మీకో పని. ఇంట్లో అమ్మమ్మనో నాయనమ్మనో ఒక పని పాట పాడమనండి. ఫోన్‌లో రికార్డ్ చేయండి. ట్యూనర్ పెట్టి ఆమె 'స' ఎక్కడుందో చూడండి, చేత్తో దరువు వేసి ఎన్ని దెబ్బలకు వరస మళ్ళీ మొదటికొస్తుందో లెక్కపెట్టండి. ఆమె వంత ఎక్కడ అందుకోమంటదో అడిగి రాసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో ఒగ్గు కథ, డోలు దెబ్బల పేర్ల గురించి మాట్లాడుకుందాం.