రత్నశిలలపై చెక్కడపుపని

మన వృత్తులలో బంగారుపనిని గూర్చియు, దేవాలయశిల్పమును గూర్చియు వ్రాసినవారు పెక్కండ్రు గలరు. గోరంత రాతిపై అక్షరములను, రూపములను దీర్చు సూక్ష్మశిల్పమును గూర్చి వ్రాసినవా రరుదు. కావున హైదరాబాదు పాతనగరము నాధారముగా గొని యా విషయమును సంగ్రహముగా విన్నవించుచున్నాను.

ఈ చెక్కడము రెండు తెఱగులు. రాతిని లోనికి దొలిచి చేయునది లోతుచెక్కడము. మొహరుటుంగరము లిట్టివి. వానియం దక్షరములు త్రిప్పి చెక్కబడును. ఒత్తినప్పుడు సరిగా వచ్చును. చుట్టునుగల రాతిని దొలగించి రూపమును పైకి దేల్చునది ఉబ్బుచెక్కడము. దీనినే పాశ్చాత్యులు కామియో యందురు. దీనికి పొరలుగల సులేమానీరాయి మిక్కిలి యనుకూలము. తెల్లనిపొరలో ముఖమును దీర్చి, దాని క్రింది నల్లనిపొరను నేలగా విడిచినచో, రంగు పూయకయే చిత్ర మేర్పడును.

చార్మినారునకు పునాది పడినది 1591వ సంవత్సరము. ఇంచుమించుగా నాకాలముననే, హిజ్రీ 1000లో, దక్కనుననే అహమ్మదునగర ప్రభువైన రెండవ బుర్హాన్ నిజాంషా తన పేర నొక వజ్రమును చెక్కించెను. పిమ్మట హిజ్రీ 1051లో షాజహాను పేరును, 1242లో పారసీకరాజైన ఫతే అలీషా పేరును దానిపై చేరినవి. 88.7 కారట్ల యా రత్నము షా వజ్రమను పేర నేడు మాస్కోనగరపు క్రెమ్లినులో నున్నది.

అంతటి కఠినశిలపై అక్షర మెట్లు పడినదని యడుగవచ్చును. ఉలియు సుత్తియు నిచ్చట పనికిరావు. కాఠిన్యమున అకీకు 7, మరకతము ఏడున్నర మొదలు 8, కెంపును నీలమును 9, వజ్రము 10 అని శాస్త్రజ్ఞులు లెక్కింతురు. ఉక్కు వీనిలో దేనికిని చాలదు. విల్లుతో ద్రిప్పెడి చిన్నచక్రము వట్టి వాహనము మాత్రమే. దానికి నూనెతో నంటించిన కురువిందపుపొడి రాతిని అరుగదీయును. వజ్రమునకు మాత్రము వజ్రపుపొడియే కావలెను. ఆంగ్లేయుల కొరండమను మాట సయితము దక్షిణదేశపు కురుంద శబ్దమునుండి పుట్టినదే.

ఈ విద్య ఫలమును చూడగోరువారు మూసీతీరమున సాలార్‌జంగు వస్తుప్రదర్శనశాలకు పోవలెను. 1951 డిసెంబరు 16న దివాన్‌దేవిడీలో నెహ్రూగారు ప్రారంభించిన యా శాల 1968లో ఇప్పటి భవనమునకు మారినది. అందు జహంగీరు కఠారియు, నూర్జహాను పండ్లు కోయు చాకును గలవు. ఆ జేడ్ వస్తువులు సయితము చెక్కినవి కావు, అరుగదీసినవి. భారత ప్రభుత్వము 1995లో 218 కోట్ల రూప్యములకు గొనిన నిజాము ఆభరణములు 173ను 2001, 2006 సంవత్సరములలో ప్రదర్శింపబడిన దిచ్చటనే.

సోదరులారా, ఒక్కమాట నిర్మొగమాటముగా చెప్పవలసియున్నది. షా వజ్రముపై ముగ్గురు రాజుల పేర్లున్నవి. చెక్కినవాని పేరు లేదు. పేరు లేనిచోట మన కులము పేరు వ్రాసికొనుట సులభము, కాని న్యాయము కాదు. ఈ పనిలో లేఖకుడు వేరు, సానవాడు వేరు, బంగారుకట్టు కట్టువాడు వేరు. వారిలో హిందువులును, మహమ్మదీయులును గలరు. నిజముగా మనది కాగలది మనము నేర్చినపని మాత్రమే.

నేడు విల్లునకు బదులు విద్యుచ్ఛక్తియు, పొడికి బదులు వజ్రపురవ్వలు పొదిగిన పనిముట్లును వచ్చినవి. జర్మనీలోని ఈడార్ ఒబర్‌స్టైన్ పట్టణమున శబ్దాతీతకంపనములతో నడచు యంత్ర మొకే యచ్చునుండి పెక్కు కామియోలను దీయుచున్నది. అయినను పొర యెచ్చట పలుచనో కనిపెట్టి చేయి నిలుపుట యంత్రమునకు రాదు. మఱియొక హెచ్చరిక: అకీకును పొడిగా అరుగదీసినచో లేచు ధూళి ఊపిరితిత్తులను రాయిగా మార్చును. గుజరాతులోని ఖంభాతున ఎందఱో పనివారు దానిచేతనే అకాలమరణము నొందిరి. కావున నీరు కారుచుండగా పనిచేయుటయే మొదటిపాఠము కావలెను.

మనలో మొహరులు చెక్కిన పెద్దలున్నచో, వారి పేర్లను, పనిముట్లను, పనితీరును ఇప్పుడే వ్రాసియుంచుడు. పోషకమహాశయులు ఇద్దఱు ముగ్గురు బాలురకు ఈ విద్య నేర్పింప సాయపడుదురుగాక. రాబోవు రాతిపై చెక్కినవాని పేరుకూడ నొకమూల నుండనిండు.